చెప్పినా మార్పు రావడం లేదా? మళ్ళీ చెప్పే ముందు ఇవి చూడండి

తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిష్ యూనిట్లలో పదిహేడేళ్ళుగా సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఈ బాధ్యతలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అడిగేది మిషన్ల గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ. "అన్నా, పదిసార్లు చెప్పాను, అతను మారడం లేదు. ఏమి చేయాలి?" నలుగురి ముందు తిట్టకూడదని, బాగా చేసినప్పుడు ఆ మాట కూడా చెప్పాలని మీకు తెలుసనుకునే మొదలుపెడుతున్నాను.

సమస్య: చెప్పినప్పుడు తల ఊపుతాడు, మర్నాడు అదే తప్పు

ముందు ఒక్కటి చూడండి. ఆ తప్పును అతని కంటికి చూపించారా? అందరూ వదిలేసే మెట్టు ఇదే. ఇన్నేళ్ళలో ఇది చూసీ చూసీ విసిగిపోయాను.

మన నల్లబండ తడిగా ఉన్నంతసేపు నిగనిగలాడుతుంది. పాలిష్ మిషనులో మొదట తక్కువ నంబరు గరుకు రాయితో, ఆ తర్వాత వరసగా ఇంకా నున్నటి రాళ్ళతో బండను అరగదీస్తాం. మొదటి గరుకు రాయి చేసిన గీతలను తర్వాతి రాళ్ళు పూర్తిగా తీయకపోయినా, నీళ్ళ కింద అవి కనబడవు. బండ ఆరి, వెలుతురు ఏటవాలుగా పడినప్పుడే బయటపడతాయి. పాలిష్ చేసే మనిషి చూసేది తడి బండను. మర్నాడు పొద్దున మనం చూసేది ఆరిన బండను. చూసి, నేరుగా వెళ్ళి "పని సరిగా చేయడం లేదు" అంటాం. నిన్న తన చేతుల మీదుగా వెళ్ళినది మెరిసే బండ కదా, అతనికి మన మాట ఉత్త నిందలా వినబడుతుంది. తల ఊపడం మర్యాద కోసమే. దాన్ని ఒప్పుకోలుగా లెక్క వేసుకోకండి.

పరిష్కారం: ఆరిన బండ దగ్గరికి అతన్ని తీసుకువెళ్ళండి. పక్కన ఒక మంచి బండ పెట్టండి. "ఈ మూల జానెడు మేర గీతలు ఉన్నాయి, చూడండి. రెండో రాయి ఇక్కడ సరిపడా తిరగలేదేమో. మీకేమనిపిస్తోంది?" అంతకు మించి అక్కర్లేదు. "నిర్లక్ష్యం", "ఎప్పుడూ ఇంతే" అనే మాటలు నోటి దాకా వచ్చినా ఆపుకోండి. చివరి ప్రశ్నను మాత్రం నిజంగా అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఒకసారి ఇలా అడిగితే, నీళ్ళ గొట్టంలో బురద పేరుకుని ఆ మూలకు నీళ్ళే అందడం లేదని తేలింది. అప్పటికి వారం రోజులుగా ఆ కుర్రవాడు మాటలు పడుతున్నాడు.

ఆఫీసు పనికీ ఇదే వర్తిస్తుంది. "బిల్లులు జాగ్రత్తగా రాయండి" అంటే ఏ గుమస్తాకూ ఏమీ అర్థం కాదు. తప్పు పడిన బిల్లును ముందు పెట్టి, చదరపు అడుగులు రాయవలసిన చోట అడుగులు రాసి ఉన్నాయని వేలు పెట్టి చూపించండి.

1996లో క్లూగర్, డినీసి అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలలోని 600కు పైగా ఫలితాలను కలిపి పరిశీలించారు. పనితీరు గురించి చెప్పడం సగటున మేలే చేసింది కానీ, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పని మెరుగుపడకపోగా దిగజారింది. మాట పనిని వదిలి మనిషి మీదికి మళ్ళేకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్ళు తేల్చారు. బండ ముందు నిలబడి మాట్లాడితే మాట బండ మీదే ఉంటుంది.

సమస్య: చూపించారు, ఒప్పుకున్నాడు, నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ మొదటికి వచ్చింది

నన్ను దెబ్బ తీసినది ఇదే.

కొన్నేళ్ళ కిందట మా దగ్గర ఒక మిషను మీద ఇరవై ఏళ్ళ అనుభవమున్న పెద్దాయన ఉండేవారు. నేను ఆయనను "అన్నా" అనేవాణ్ణి, ఆయన నన్ను "సార్" అనేవారు. ఆయన బండల మీద గీతలు మొదలయ్యాయి. ఆరిన బండ దగ్గరికి తీసుకువెళ్ళి చూపించాను. "నిజమే సార్, చూసుకుంటాను" అన్నారు. మూడు రోజులు బండలు అద్దాల్లా వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ గీతలు. రెండు నెలల్లో ఆరేడుసార్లు ఇదే మాట, ఇదే జవాబు. చివరికి బెంగళూరు వెళ్ళిన లోడులో సగానికి సగం వెనక్కి వచ్చింది. ఆ కోపంలో, "మీకు పని మీద శ్రద్ధ పోయిందన్నా" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు నెమ్మదిగా అన్నారు: "సార్, రోజూ సాయంత్రం మీరు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి."

గుర్తు చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఎన్ని అడుగులు అయిందన్నా?"

రోజూ అదే. గేటు పక్కన నల్లబల్ల మీద ఏ మిషను ఎన్ని చదరపు అడుగులు పాలిష్ చేసిందో నేనే సుద్దముక్కతో రాసేవాణ్ణి. తక్కువ వచ్చిన మిషను దగ్గరికి వెళ్ళి కారణం అడిగేవాణ్ణి. కూలి కూడా అడుగుకు ఇంత అనే లెక్క. రెండో రాయిని తగినంతసేపు తిప్పితే పూటకు కొన్ని బండలు తగ్గుతాయి, ఆ మేరకు ఆయన కూలీ తగ్గుతుంది. నేను గీతల గురించి పది రోజులకొకసారి మాట్లాడాను, అడుగుల గురించి రోజూ అడిగాను. ఏది నా అసలు మాటో ఆయన సరిగానే పట్టుకున్నారు. రెండు నెలలు నేను ఇచ్చిన సలహాను రోజూ సాయంత్రం నేనే కొట్టివేస్తూ, శ్రద్ధ లేదని ఆయనను అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మర్నాడు ఆ మాట అన్న చోటే, అది విన్నవాళ్ళ ముందే, తప్పు నాదని చెప్పాను. ఇక మార్చవలసినవి మార్చాం. నల్లబల్ల మీద అంకె పడేది బండ ఆరి, పరీక్షలో నిలిచిన తర్వాతే. యజమానిని ఒప్పించడం కష్టమైంది. వెనక్కి వచ్చిన లోడుకు రానుపోను లారీ బాడుగ, మళ్ళీ పాలిష్ చేసిన కూలి, కరెంటు కలిపి ఒక కాగితం మీద రాసి చూపించాక, నిలిచిన బండకు అడుగు రేటు కొంత పెంచారు. సాయంత్రం నేను అడిగే ప్రశ్న కూడా మారింది: "ఈ రోజు ఏ బండ ఇబ్బంది పెట్టిందన్నా?" మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు. రెండో వారంలో ఒకరు, ఈ గని బండ పొర మెత్తగా ఉంది, గరుకు రాయి లోతుగా దిగుతోంది అన్నారు. అలాంటి కబురు అంతకు ముందు నా చెవిన ఎప్పుడూ పడలేదు.

మీ దగ్గర ఇదే జరుగుతోందా అని తెలుసుకోవాలంటే ఒక కాగితం తీసుకోండి. ఎడమ పక్క, ఆ మనిషికి గత నెలలో మార్చుకోమని చెప్పినది రాయండి. కుడి పక్క, మీరు అతన్ని రోజూ అడిగే మొదటి ప్రశ్న, అతనికి డబ్బు దేనికి వస్తుందో, ఎవరిని దేనికి మెచ్చుకుంటారో రాయండి. రెండు పక్కలూ కొట్టుకుంటే అతన్ని వదిలేసి కుడి పక్కను సరిచేయండి. పిల్లల చేత ఆలోచింపజేయమని టీచరుకు చెప్పి, నెలాఖరున సిలబస్ ఎంత అయిందని మాత్రమే అడిగే బడిలోనూ, ఓపికగా మాట్లాడమని చెప్పి కొత్త ఖాతాల లెక్క మాత్రమే అడిగే బ్యాంకులోనూ జరిగేది ఇదే.

సమస్య: మీకు ఎవరైనా చెబితే ఒళ్ళు మండుతోంది

అప్పటికప్పుడు జవాబు చెప్పకండి. "ఏ రోజు, ఏ పని?" అని అడిగి రాసుకోండి. మర్నాడు మాట్లాడండి. చెప్పిన తీరు మొరటుగా ఉన్నా అందులో ఒక్క నిజం ఉంటే ఆ ఒక్కటీ తీసుకోండి. అసలు మీకెవరూ ఏమీ చెప్పడం లేదంటే అది ఇంతకంటే పెద్ద సమస్య. కిందటిసారి చెప్పినవారికి ఏమి జరిగిందో ఆలోచించండి. ఆ పెద్దాయన టీ దగ్గర నోరు విప్పడానికి రెండు నెలలు పట్టింది.

మిగిలిన కారణాలు

ఇంట్లో కష్టం ఉంటే విడిగా కూర్చోబెట్టి అడగండి. వేరే చోట పని చూసుకున్నవారు ఎలాగూ వెళ్ళిపోతారు. పగతో కావాలని పని చెడగొట్టినవాళ్ళను పదిహేడేళ్ళలో ఇద్దరినే చూశాను, కాబట్టి వెతకడం అక్కడ మొదలుపెట్టకండి. నలభై దాటినవారికి దగ్గరి చూపు మందగిస్తుంది. ఆరిన బండ మీద గీత చూపించినా "ఎక్కడ సార్?" అంటుంటే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపండి.