కిడ్నీ ఇచ్చే ముందు డాక్టరుకు ఏమేం చెప్పాలి

తమ్ముడికి కిడ్నీ ఇస్తానని మొదట ముందుకొచ్చింది అమ్మ. బ్లడ్ గ్రూపు కలిసింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షా బాగుంది. ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో నా చెవిలో అంది: "ముట్లు ఆగి ఆరేళ్లయింది కదే, రెండు నెలలుగా మళ్లీ మరక కనిపిస్తోంది. డాక్టరమ్మకు చెప్పకు, నన్ను వద్దంటారు."

నేను చెప్పేశాను. గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ తేలింది, తొలి దశలోనే. ఆపరేషనయ్యాక అమ్మ కోలుకుంది. కిడ్నీ నేనిచ్చాను.

అందుకే పరీక్షల కంటే ముందు నోరు విప్పండి. రొమ్ములో గడ్డ, మూత్రంలోనో మలంలోనో రక్తం, ఊరికే బరువు తగ్గడం, పెరుగుతున్న పుట్టుమచ్చ, పొగాకు అలవాటు, ఇంట్లో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, అన్నీ కాగితం మీద రాసుకెళ్లండి. ఎప్పుడో గడ్డ తీయించుకుని ఉంటే ఆ ముక్క పరీక్ష రిపోర్టు వెతకండి. "మామూలు గడ్డే అన్నారు" అంటే చాలదు. స్కాట్లాండ్‌లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు చికిత్స అయిన 16 ఏళ్లకు ఒకరు చనిపోతే, వారి కిడ్నీలు అందుకున్న ఇద్దరికీ అదే క్యాన్సర్ వచ్చింది. కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని అణచేస్తాయి. మనలో అణిగి ఉన్న క్యాన్సర్ కణం కిడ్నీతో పాటు వెళితే దానికి అక్కడ అడ్డుండదు.

ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి.

పరీక్షలు వయసును బట్టి ఉంటాయి: రొమ్ముకు మామోగ్రామ్, గర్భసంచి ముఖద్వారానికి పాప్ స్మియర్, మగవాళ్లకు ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. రక్తనాళాల కోసం తీసే సీటీ యాంజియోలోనే కిడ్నీలో చిన్న గడ్డలు బయటపడుతుంటాయి, కాబట్టి ఆ రిపోర్టు మొత్తం చదివించుకోండి. తమ్ముడికి ఇన్ఫెక్షన్, ఆపై కిడ్నీ ఇవ్వడానికి కమిటీ అనుమతి అంటూ నా పరీక్షలయ్యి ఏడాది దాటింది. అడిగి మామోగ్రామ్ మళ్లీ చేయించుకున్నాను. అన్నీ బాగున్నా ప్రమాదం పూర్తిగా పోదని తమ్ముడికీ డాక్టరు చేతే చెప్పించాను.

ఇచ్చాక కూడా ఏటా పరీక్షకు వెళ్లండి. రేపు నాకు ఏ క్యాన్సర్ తేలినా ఆ రోజే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరుకు ఫోన్ చేయాలి, తమ్ముణ్నీ వెంటనే చూస్తారు. ఆ నంబరు మా ఇద్దరి ఫైళ్ల అట్టల మీదా రాసి పెట్టాను.