‘ఆఫ్టర్ లవ్’ సినిమాను ఇంట్లో నలుగురికీ చూపించాలంటే

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నెలకో ఆదివారం మా హాల్లో ఏడెనిమిది మంది ఆడవాళ్ళం కూర్చుని ఒక సినిమా చూస్తాం. మాలో ముగ్గురికి భర్తలు లేరు, అందులో మా అత్తయ్య ఒకరు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవగలిగేది ఇద్దరమే. ‘ఆఫ్టర్ లవ్’ అనే బ్రిటిష్ సినిమాను మేం రెండుసార్లు పెట్టుకున్నాం. మొదటిసారి నా తొందర వల్ల సగం చెడింది, రెండోసారి కుదిరింది. మీరూ చూపించాలనుకుంటే ఈ సంగతులు పనికొస్తాయి.

ముందు మీరొక్కరే ఒకసారి చూడండి. 89 నిమిషాలే. దర్శకుడు అలీమ్ ఖాన్‌కు ఇది మొదటి పూర్తి నిడివి సినిమా. ఆయన తల్లి కూడా పెళ్ళితో ఇస్లాంలోకి వెళ్ళిన ఇంగ్లీషు ఆవిడే, సినిమాలో ముఖ్యపాత్ర మేరీకి స్ఫూర్తి ఆవిడే. మేరీ పాత్ర వేసిన జొయానా స్కాన్లన్‌కు 2022లో ఉత్తమ నటిగా బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది.

సినిమా మొదలుపెట్టే ముందు రెండే రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఊళ్ళు. ఇంగ్లాండు ఒడ్డున డోవర్, అవతల ఫ్రాన్సులో కాలే. మధ్య సముద్రం సన్నగా ఉన్న చోట 33 కిలోమీటర్లే, ఓడలో గంటన్నర ప్రయాణం. రెండు, మనుషులు. మేరీ ఇంగ్లీషావిడ. పాకిస్తాన్ మూలాలున్న అహ్మద్‌ను చేసుకుని ముస్లిం అయింది. అహ్మద్ ఆ ఓడల మీద పనిచేస్తాడు. ఆయన హఠాత్తుగా పోతాడు, తర్వాత ఆయన పర్సులో ఆవిడకు ఎవరిదో కార్డు ఒకటి దొరుకుతుంది. అక్కడితో ఆపేయండి. ఎవరు ఎంత అడిగినా ఆ కార్డు ఎవరిదో చెప్పొద్దు.

టీలు ముందే ఇచ్చేయండి. సినిమా మొదలయ్యేదే వంటింట్లో టీ కాచడంతో. కెమెరా కదలదు. ముందు వంటిల్లు, వెనకాల గది. మేరీ టీ పెడుతూ అహ్మద్‌తో ఏవో ఇంటి కబుర్లు చెబుతూ ఉంటుంది. కాసేపటికి అటునుంచి మాట రాదు. మొదటిసారి సరిగ్గా అప్పుడే నేను గ్లాసులు పంచుతున్నాను, ఎవరూ చూడలేదు. రెండోసారి అందరూ కుదురుగా కూర్చున్నారు. మేరీకంటే ముందే మా అత్తయ్య, “ఆయన పలకట్లేదేంటి?” అంది. మామయ్య కూడా కుర్చీలోనే పోయారు. ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మీ దగ్గరా అలాంటివాళ్ళుంటే ఈ మొదటి సీను గురించి విడిగా ఒక మాట చెప్పి ఉంచండి. నేను చెప్పకపోవడం తప్పే.

ఎండాకాలంలో పెట్టుకోవద్దు. ఫ్యాన్ చప్పుడులో ఈ సినిమా సగం పోతుంది. సముద్రం హోరు, ఆవిడ ఊపిరి వినబడాలి. టీవీ స్పీకర్ చాలదు, చిన్న స్పీకరైనా విడిగా తగిలించండి.

ఇక భాష. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఉర్దూ మూడూ వస్తాయి. సబ్‌టైటిల్ అంతా చదివి వినిపించకండి, సారాంశం మెల్లగా ఒక్క వాక్యంలో చెప్పండి చాలు. ఉర్దూ వచ్చినవాళ్ళుంటే మధ్యలో కూర్చోబెట్టండి. మా కింది వాటాలో ఉండే ఆపా ఆ పని చేసింది. మాకు తట్టనిది కూడా చెప్పింది. భర్త పోయిన ముస్లిం స్త్రీ 4 నెలల 10 రోజులు ఇద్దత్, అంటే సంతాపపు గడువు, పాటించాలి, చాలావరకు ఇంటిపట్టునే ఉండాలి. “ఆ గడువు లోపలే మేరీ ఆ కార్డు పట్టుకుని సముద్రం దాటిందంటే ఎంత తల్లడిల్లి ఉంటుందో చూడండి” అంది. ఆ మాటతో మాకు ఓడ సీన్లు వేరేగా కనబడ్డాయి.

మాటలు లేని చోట మీరూ మాట్లాడకండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. హోటల్ గదిలో మేరీ అద్దం ముందు నిలబడి తన ఒళ్ళు తాను చూసుకుంటుంది. మొదటిసారి అందరూ ఇబ్బంది పడతారేమోనని ఏదో వివరించబోయి నేనే చెడగొట్టాను. రెండోసారి ఊరుకున్నాను. ఎవరూ తల తిప్పుకోలేదు. ఒకావిడ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ చూస్తూనే ఉంది.

అయ్యాక “ఎలా ఉంది?” అని అడగొద్దు, “బావుంది” అంటారు, కబురు అక్కడితో తెగిపోతుంది. లైటు వేసి ఏదైనా తినడానికి పెట్టండి. మేం పులిహోర చేశాం. తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యండి: కాలేలో తను వెతుక్కుంటూ వెళ్ళిన ఇంటావిడ తనను పనిమనిషి అనుకుంటే మేరీ కాదని ఎందుకు అనలేదు? గంట సేపు మాట్లాడుకున్నాం. కోపమని ఒకరు, ఆ ఇల్లు లోపలినుంచి చూడాలని ఒకరు. అడిగే ధైర్యం చాలలేదని అత్తయ్య.

మతం మార్పిడి దగ్గర మొదలుపెడితే మాత్రం వాదన ఎటో పోతుంది. భర్త పోయాక, ఆయన మోసం తెలిశాక కూడా మేరీ నమాజు మానదు. అది గమనించమని చెప్పండి చాలు. కాలే ఇంటావిడ కొడుక్కి ఇంకో అబ్బాయితో ఉన్న స్నేహం గురించి గుసగుసలు వస్తే, మేరీ అతన్ని ఎలా చూసుకుందో అడగండి.

భర్త ఫోన్‌లో వదిలిన మాటల్ని మేరీ మళ్ళీ మళ్ళీ వింటుంది. ఆ రాత్రి అందరూ వెళ్ళాక అత్తయ్య బీరువాలోంచి మామయ్య పాత ఫోను తెచ్చి, “ఇందులో ఆయన గొంతు ఎక్కడైనా ఉందేమో చూడమ్మా” అంది. ఛార్జింగ్ పెట్టి పదకొండు దాకా వెతికాం. కాబట్టి సినిమా చూసిన రోజు సాయంత్రం వేరే పని ఏదీ పెట్టుకోకండి.