చీమల్ని ట్యూబులోంచి తొందరపడి మార్చకండి
కొత్తగా చీమలు పెంచేవాళ్లు చాలామంది చేసే తప్పే నేనూ చేశాను, రాణి చీమను పెట్టిన టెస్ట్ ట్యూబులో (అడుగున నీళ్లు, వాటికి అడ్డంగా దూది ఉండే గొట్టం) నాలుగు పని చీమలు పుట్టగానే అన్నిటినీ పెద్ద గూట్లోకి వదిలేశాను. ఖాళీ ఎక్కువైతే ఓ మూలను చెత్తకుప్ప చేసేస్తాయి, అక్కడ బూజు పడుతుంది. కనీసం 20, 30 పని చీమలు వచ్చేదాకా టెస్ట్ ట్యూబే చాలు. లోపల నీళ్లు అయిపోయినా, దూది నల్లబడినా టెన్షన్ పడి చీమల్ని బయటికి దులపకండి. నీళ్లూ దూదీ పెట్టిన కొత్త ట్యూబును పాతదాని మూతికి ఆనించి టేపు వేసి, కొత్తదానికి నల్ల కాగితం చుట్టి, పాతదాన్ని వెలుతురులో ఉంచితే గుడ్లూ పిల్లలూ మోసుకుని రాణితో సహా వాటంతటవే మారతాయి, ఒక్కోసారి రోజులు పడుతుంది లెండి. ఎండలో మాత్రం వద్దు, ఉడికిపోతాయి. తిండి అంటారా, గుండుసూది తలంత తేనె, చిన్న పురుగు ముక్క, మిగిలింది మర్నాడే తీసేయాలి.