తంగేడు పూల టీ: చేదు, నలుపు, తెల్లారి కడుపునొప్పి

బతుకమ్మ దగ్గరపడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "తంగేడు టీ పెట్టాం, నోట పెట్టలేకపోతున్నాం." నేనడిగేది ఒకటే: తొడిమలు తీశారా? అవతల చప్పుడుండదు.

చేదు, నాలుక పట్టేసే వగరు

పచ్చ తొడిమలు, మొగ్గలు, రెమ్మలు అన్నీ వేసి కషాయంలా పది నిమిషాలు మరిగిస్తే వగరు కాక ఏమొస్తుంది? తోళ్ళు పదును చేయడానికి వాడే బెరడు ఈ చెట్టుదే. రేకులు మాత్రం తీసుకోండి. గ్లాసు నీళ్ళు మరిగాక పొయ్యి ఆర్పి, ఎండు రేకులు ఒక చెంచాడు వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలకు వడగట్టండి. అప్పుడు లేత పసుపు రంగులో దిగుతుంది.

రంగు నల్లగా, బూడిదగా తిరిగితే

పువ్వును తిట్టకండి, గిన్నె చూడండి. ఇనుప గిన్నెలో పెట్టి ఉంటారు, లేదా బకెట్‌కు తుప్పు చార పట్టే బోరు నీళ్ళు పోసి ఉంటారు. వెనకటికి వగరు కరక్కాయ, అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి సిరా చేసేవాళ్ళు. వగరుకు ఇనుము తగిలితే జరిగేది అదే. అవే రేకులు స్టీలు గిన్నెలో, క్యాన్ నీళ్ళతో ఒకసారి పెడితే తేలిపోతుంది.

రాత్రి తాగితే తెల్లారి మెలిపెట్టే నొప్పి, విరేచనాలు

ఇది నన్ను బాగా ముంచింది. ఒక ఏడాది పూలు ఎండబెట్టుకోలేక మూలికల దుకాణంలో "తంగేడు" అని అడిగి పొడి తెచ్చాను. అత్తమ్మ రాత్రి తాగింది, పొద్దున్నే కడుపు పట్టుకుంది. ముందురోజు తిన్న మిర్చి బజ్జీల మీదికి నెట్టాం. మర్నాడూ అంతే. నీళ్ళు మార్చాం, పాలు మానేశాం. మూడోనాడు మళ్ళీ అదే వేళకు. ఆ గడియారం చూశాకే నాకు అనుమానమొచ్చింది. బజ్జీల నొప్పికి రోజూ ఒకే టైమెందుకుంటుంది?

అది నేల తంగేడు. అంటే సునాముఖి. పూలు రెంటికీ పసుపే, పేరులో తంగేడు రెంటికీ ఉంది, కానీ సునాముఖి ఆకు విరేచనాల మందు. తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో పనిచేస్తుంది. అందుకే పడుకునే ముందు తాగితే సరిగ్గా తెల్లారేసరికి. దుకాణంలో అడిగితే "మీరడిగింది తంగేడే కదమ్మా, ఇదీ తంగేడే" అన్నారు. తప్పు నాది కూడా, "పూలు" అనలేదు.

పొడి కొనకండి. పొడిలో ఏముందో దేవుడికే తెలియాలి. ఎండు పూలే అడగండి, తెచ్చాక కాగితం మీద పోసి చూడండి. ముడుచుకున్న పసుపు రేకులు ఉండాలి. మొన తేలిన సన్నటి ఆకుముక్కలు కనబడితే వెనక్కి ఇచ్చేయండి. చెట్టు దగ్గరే కోసుకుంటే ఇంకా సులువు: తంగేడు ఆకు కాడ మొదట్లో చెవుల్లాంటి గుండ్రటి చిన్న రెక్కలుంటాయి. ఆకు మొన కూడా మొద్దుగానే ఉంటుంది.

టీ ఆపినా రెండోనాటికి విరేచనాలు తగ్గకపోతే, రక్తం పడితే, నీరసం ముంచుకొస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గర్భిణులకు అసలు ఇవ్వకండి.

ముక్క వాసన

సరిగా ఎండలేదు, బూజు పట్టింది. పారేయండి, మళ్ళీ ఎండబెట్టి బాగు చేద్దామనుకోకండి. నీడలో ఆరబెట్టి, నలిపితే గలగలమనే దాకా డబ్బాలో వేయొద్దు.

పురుగుమందు వాసన చాలా అరుదు, పత్తి చేను గట్టు లాంటి మందు కొట్టే చోట కోస్తే వస్తుంది. రంగే దిగకపోతే పూలు పాతవి, అంతే.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ టీ తాగుతూ కళ్ళు తిరుగుతున్నాయంటే మాత్రలు మానేయకండి. టీ ఆపి, షుగరు చూపించుకుని, తాగుతున్న సంగతి మీ డాక్టరుకు చెప్పండి.