బటన్ నొక్కినా క్యాంపర్ వ్యాన్ టాప్ లేవకపోతే: సమస్య - పరిష్కారం

క్యాంపర్ వ్యాన్ అంటే లోపలే వండుకుని పడుకునే బండి. ఫోక్స్‌వాగన్ కాలిఫోర్నియా ఓషన్ లాంటి వాటిలో బటన్ నొక్కితే టాప్, అంటే పైకప్పు, దానంతట అదే లేస్తుంది; దాని కింద చుట్టూ టెంటు గుడ్డ, లోపల పై పరుపు ఉంటాయి. 12 వోల్టుల మోటారు చిన్న పంపును తిప్పుతుంది. పంపు నూనెను రెండు సిలిండర్లలోకి తోస్తుంది, సిలిండర్లు టాప్‌ను ఎత్తుతాయి. ఇది మొరాయించగానే చాలామంది మోటారు పోయిందనుకుంటారు. ఖర్చుకు సిద్ధపడే ముందు బటన్ నొక్కి చెవి పెట్టి వినండి. ఏ చప్పుడు వస్తోంది, అసలు వస్తోందా లేదా అన్నదాన్ని బట్టి సగం సంగతి తేలిపోతుంది.

చప్పుడే లేదు

చాలాసార్లు ఇది చెడిపోవడం కాదు, బండి ఒప్పుకోకపోవడం. ఇగ్నిషన్ ఆన్‌లో ఉందా, హ్యాండ్ బ్రేక్ వేశారా, మీ బండి మాన్యువల్‌లో ఇంకేమైనా షరతులు ఉన్నాయా చూడండి. తర్వాత ఫ్యూజు. కాలిపోతే అదే ఆంపియర్లది వేయండి. మళ్లీ కాలిపోతే అక్కడితో ఆపండి, వైరింగ్‌లో ఎక్కడో షార్ట్ ఉంది. పెద్ద ఫ్యూజు వేస్తే వైర్లు కాలతాయి.

టిక్కుమని ఆగిపోతోంది, లేదా మూలుగుతూ నెమ్మదిగా లేస్తోంది

నా అనుభవంలో ఎక్కువసార్లు కారణం బ్యాటరీయే. బండి కొన్ని గంటలు ఊరికే ఉన్నాక మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు దాటి చూపిస్తుంది. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. అయితే ఊరికే ఉన్నప్పుడు చూసిన అంకెను నమ్మి ఊరుకోకండి. ఒకరు బటన్ నొక్కుతుంటే మరొకరు మీటర్ చూడాలి. పంపు లాగగానే వోల్టేజీ బాగా పడిపోతే బ్యాటరీ ముసలిదైంది. బ్యాటరీ దగ్గర పడకుండా మోటారు దగ్గర మాత్రమే పడితే తప్పు మధ్యలోని తీగదీ, జాయింట్లదీ. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బాడీకి బిగించిన ఎర్త్ తీగ తుప్పు పడుతుంది. బోల్టు విప్పి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి.

ప్రయాణంలో ఇలా జరిగితే, ఆపి ఉంచిన బండి ఇంజన్ స్టార్ట్ చేసి బటన్ నొక్కి చూడండి. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ 14 వోల్టుల వరకు ఇస్తుంది. అప్పుడు చకచకా లేస్తే మోటారుకు ఏమీ కాలేదన్నమాట.

మోటారు తిరుగుతోంది, టాప్ కదలదు

పైన మంచు పేరుకుందా, రబ్బరు సీల్ గడ్డకట్టి అంటుకుందా చూడండి. గడ్డకట్టే చలిలో నూనె కూడా చిక్కబడుతుంది. బటన్ అదేపనిగా నొక్కి పట్టుకోకండి, మోటారు వేడెక్కుతుంది. సిలిండర్ల దగ్గర లైనింగ్ మీద నూనె మరక కనిపిస్తే లీకే. ట్యాంకులో నూనె తగ్గితే మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి. బ్రేక్ ఆయిల్ పొరపాటున కూడా వద్దు, సీళ్లు పాడైపోతాయి.

రాత్రి ఎత్తిన టాప్ తెల్లారేసరికి దిగుతోందంటే లోపల వాల్వో సీలో నూనెను ఆపలేకపోతోంది. మెకానిక్ చూసేదాకా పైన పిల్లల్ని పడుకోబెట్టకండి.

మూసుకుంటోంది కానీ చివర్లో ఆగుతోంది

ఇక్కడ అడ్డొచ్చేది గుడ్డ. టాప్ దిగుతుంటే లోపలి గాలికి దారి దొరకక టెంటు గుడ్డ బుడగలా బయటికి ఉబ్బుతుంది. అందుకే ముందే స్లైడింగ్ తలుపు తెరిచి ఉంచాలి. పై పరుపు మీది దిండ్లు తీసేయాలి. సగం దిగాక ఆపి, బండి చుట్టూ నడిచి గుడ్డ లోపలికి మడత పడుతోందో లేదో చూడాలి. ఒకసారి జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని కాన్‌స్టాన్స్ సరస్సు దగ్గర వానలో తొందరపడి నేను ఇది చూడలేదు. గుడ్డ కీలులో ఇరుక్కుని అరచేయంత చిరిగింది. తెరచాపలు కుట్టే అతను అతుకు వేసి నిలబెట్టాడు. ఇప్పుడు ఎంత వానైనా తడుస్తూనే చుట్టూ తిరిగి వస్తాను.

మూసుకున్నాక కూడా ‘తెరిచి ఉంది’ అన్న హెచ్చరిక పోకపోతే గుడ్డ మడతో, టాప్ మూసిందని గుర్తించే మైక్రోస్విచ్చో కారణం. ఆ హెచ్చరికతో బండి నడపకండి. 2024కు ముందు వచ్చిన కాలిఫోర్నియా ఓషన్ మూసినప్పుడు ఎత్తు 1.99 మీటర్లు. 2 మీటర్ల ఎత్తు పరిమితి ఉన్న పార్కింగ్‌లోకి దూరాలంటే మిగిలేది ఒక్క సెంటీమీటరే.

తెరిచిన టాప్ అసలు దిగకపోతే

హైడ్రాలిక్ టాప్‌లకు చేత్తో దించే ఏర్పాటు ఉంటుంది. వాల్వు వదులు చేస్తే నూనె వెనక్కి వెళ్లి టాప్ తన బరువుకే దిగుతుంది. ఆ వాల్వు ఎక్కడుందో, ఏ పనిముట్టు కావాలో ఇంటి దగ్గరే చూసి పెట్టుకోండి. ఇద్దరు చెరోవైపు పట్టుకోవాలి, కీళ్ల మధ్య వేళ్లు పెట్టకూడదు.

ఏడాది పొడవునా

వాడకపోయినా నెలకోసారి టాప్ ఎత్తి దించండి. సీళ్లకు సిలికాన్ స్ప్రే సరిపోతుంది. పెట్రోలు, గ్రీజు రబ్బరును పాడు చేస్తాయి. గుడ్డను డిటర్జెంట్‌తో ఉతికితే నీళ్లు ఆపే పూత పోతుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్ చాలు. లోపల అన్నం వండినా, నలుగురు పడుకున్నా ఆవిరి గుడ్డకే పడుతుంది. తడి గుడ్డతో మూసేయక తప్పకపోతే ఇల్లు చేరిన రోజే మళ్లీ తెరిచి, పూర్తిగా ఆరేదాకా వదిలేయండి. నాలుగు రోజులు ఆగితే నల్లటి బూజు మచ్చలు పడతాయి, అవి ఎంత రుద్దినా పూర్తిగా పోవు.