రూమ్మేట్‌కి మనసు బాగోలేకపోతే తోడు ఎలా వెళ్లాలి

మన శ్రీకాకుళం వైపు జ్వరమొచ్చినా ఎవర్నీ ఒంటరిగా ఆసుపత్రికి పంపం. ఓపీ చీటీ రాయించడానికి ఒకరు, బయట బెంచీ మీద కూర్చోడానికి ఒకరు, మందులు తేవడానికి ఇంకొకరు వెళ్తాం. అదే మనసు బాగోలేదంటే మాత్రం "ఎవరికైనా చూపించుకోరాదా" అని ఒక మాట అనేసి ఎవరి పని వాళ్లం చూసుకుంటాం. ఆ మాట విని లేచి వెళ్లినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. వెళ్లాలంటే పక్కన మనిషి ఉండాలి, కనీసం మొదటిసారి. ఆ మనిషి మీరే అయితే ఏం చెయ్యాలో నాకు తెలిసినంత చెప్తాను.

నాకిది ఆలస్యంగా తెలిసింది. డిగ్రీ చివరి ఏడాదిలో హాస్టల్లో నా గదిలో ఉన్న జూనియర్ అమ్మాయిది పలాస దగ్గర ఊరు. వాళ్లమ్మ జీడిపిక్కల పనికి వెళ్లేది. నెలకోసారి ఆదివారం పూట హార్లిక్స్ సీసా నిండా జీడిపప్పు పట్టుకొచ్చేది, సీసా అందిస్తుంటే చూశాను, వేళ్ల కొసలు జీడి నూనెకి నల్లగా అయిపోయి ఉండేవి. ఈ పిల్ల ఆ సాయంత్రమే వరండా అంతా తిరిగి అందరికీ పంచేసేది, సీసా మర్నాటికి ఖాళీ. ఆ ఏడాది ఒక నెల సీసా మూత తియ్యలేదు. తర్వాతి నెల రెండో సీసా వచ్చి మంచం కింద మొదటిదాని పక్కనే కూర్చుంది. రోజూ రాత్రి నూనె రాసి జడేసుకునే పిల్ల నాలుగేసి రోజులు ముడి విప్పకుండా ఉండేది. అందరం చూశాం, అందరం ఎగ్జామ్స్ టెన్షన్ అనుకున్నాం. నేనైతే "ఎక్కువ ఆలోచించకే, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాను. తను నవ్వి ఊరుకుంది. పది రోజులకి ఇంటికెళ్లిపోయింది, సెమిస్టర్ రాయలేదు. కాలేజీలో కౌన్సెలింగ్ సెల్ అని బోర్డున్న గది ఒకటి ఉండేది, దాంట్లో పాత ఆన్సర్ షీట్ల కట్టలు, బయట తాళం. తర్వాత వైద్యం చేయించుకుని ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తిచేసింది, ఇప్పుడు బాగుంది. ఒకసారి తనే అంది, "నువ్వు రా వెళ్దాం అనుంటే వచ్చేదాన్నే అక్కా" అని.

కాబట్టి ముందు చూడాల్సింది అలాంటి చిన్న మార్పులే. నిద్ర పట్టకపోవడం లేదా రోజంతా పడుకునే ఉండటం, తిండి తగ్గడం, ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తకపోవడం, ఇష్టంగా చేసే పని మానెయ్యడం. ఒకటి రెండు రోజులుంటే అందరికీ ఉండేదే, రెండు వారాలు దాటి చాలావరకు రోజూ ఇలాగే ఉంటే మాత్రం చూపించాల్సిందే. కారణం బ్యాక్‌లాగ్ కావచ్చు, ప్రేమ కావచ్చు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పిల్లలకైతే ఇంట్లో నాన్న డయాలసిస్ కావచ్చు, ఒక్కోసారి చెప్పుకోడానికి కారణమే ఉండదు. కారణం దొరికితేనే సాయం చెయ్యాలని లేదు.

మాట్లాడటానికి గదిలో ఎదురెదురుగా కూర్చోవద్దు, అది ఇంటర్వ్యూలా ఉంటుంది. సాయంత్రం నడుచుకుంటూనో, బట్టలు ఆరేస్తూనో మొదలెట్టండి. మీరు చూసిందే చెప్పండి: "మూడు వారాల్నుంచి నువ్వు అన్నం సగం వదిలేస్తున్నావు, నాకు భయంగా ఉంది, ఏటైంది?" అంతే, తర్వాత మీరు మాట్లాడకండి. మధ్యలో మౌనం వస్తుంది, దాన్ని నింపెయ్యాలని మనకి ఆత్రం, నింపకండి. "మా అన్నయ్యకీ ఇలాగే అయ్యింది" అని మన కథ ఎత్తుకోవద్దు, "నీకేం తక్కువ" అని అసలే అనొద్దు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చా అని చాలామంది భయపడతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టదు. అడగడమే మంచిది, అడిగితే చాలామందికి గుండె తేలికపడుతుంది. అవునంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలొద్దు, హాని చేసుకోడానికి పనికొచ్చే వస్తువులేవీ గదిలో లేకుండా చూడండి, వార్డెన్‌కో ఇంటివాళ్లకో అప్పుడే చెప్పండి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అని అడిగితే ఒట్టు మాత్రం వెయ్యకండి. ప్రమాదం ఇప్పుడే అనిపిస్తే 108కి ఫోన్ చెయ్యాలి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లున్నాయి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించడానికి కాదు, వైద్యం చేయించడానికి చూడాలి. కాబట్టి ఆ భయంతో ఆసుపత్రికి ఆలస్యం చెయ్యొద్దు.

అంత అత్యవసరం కాకపోతే మొదటి మెట్టు ఫోనే. 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలెట్టింది, ఉచితం, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. ముందు భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఎంచుకుంటే శిక్షణ ఉన్న కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే డాక్టర్‌కి కలుపుతారు. మీ రూమ్మేట్‌కి నంబరు మెసేజ్ పెట్టి వదిలెయ్యకండి, పక్కన కూర్చుని కాల్ కలిపి, మాట మొదలయ్యాక ఫోన్ తన చేతికిచ్చి మీరు బయటికి రండి.

కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి. విశాఖలో నీట్ కోచింగ్‌కొచ్చి చనిపోయిన అమ్మాయి తండ్రి పోరాడిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న చెప్పింది, 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్దక్షరాలతో రాసి పెట్టాలని. మీ కాలేజీలో అదేదీ కనపడకపోతే నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి, ఈ తీర్పు తేదీ వేసి మరీ.

ఇక ఆసుపత్రి. మానసిక వైద్యం అనగానే మన పెద్దలకి గుర్తొచ్చేది విశాఖలోని పెద్ద మానసిక ఆసుపత్రే, దాని పేరెత్తితేనే ఇంట్లో గొడవ. అంత దూరం అక్కర్లేదు. శ్రీకాకుళంలో అందరం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విజయనగరం వాళ్లకి అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలైనా, ట్రిపుల్ ఐటీ పిల్లలైనా హైవే మీద బస్సెక్కితే పొద్దున్నే వెళ్లి వచ్చెయ్యొచ్చు. ఆధార్ పట్టుకోండి, ఏమైనా తినిపించి తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర చీటీ మీరు రాయించండి, జనం మధ్యలో "ఏం విభాగం" అని గట్టిగా అడిగినప్పుడు జవాబు చెప్పేది మీరవ్వాలి. చాలామంది వెనక్కి తిరిగిపోయేది సరిగ్గా ఆ కిటికీ దగ్గరే. ముందురోజు రాత్రి ఒక చిన్న కాగితం మీద ఇద్దరూ కలిసి రాసుకోండి: ఎప్పట్నుంచి, నిద్ర ఎన్ని గంటలు, తిండెలా ఉంది, ఇప్పటికే వాడుతున్న మందులేవి. డాక్టర్ ముందు గొంతు పెగలకపోతే ఆ కాగితం ఇస్తే చాలు. లోపలికి మీరు రావాలో వద్దో తననే అడగండి. డాక్టర్ మాటలు బయటికి చెప్పరు, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప ఆ గోప్యత చట్టం ఇచ్చిన హక్కు, ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇంట్లో చెప్పేటప్పుడు పెద్ద పెద్ద పేర్లు వాడొద్దు. "అమ్మా, నాకు నెల్రోజుల్నుంచి నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు, డాక్టర్‌కి చూపించుకున్నాను, మందిచ్చారు" అంటే అమ్మకి అర్థమవుతుంది. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టిస్తామంటే దెబ్బలాడకండి, కట్టించుకోనివ్వండి, మందు ఆపకపోతే చాలు. డిప్రెషన్ మందులు పని మొదలెట్టడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోపు వికారం, నిద్రమత్తు లాంటివి ఉండొచ్చు, అప్పుడే చాలామంది మానేస్తారు. మందు పడట్లేదనిపించినా, తగ్గిపోయిందనిపించినా డాక్టర్‌ని అడగకుండా ఉన్నట్టుండి ఆపకూడదు.

మీరు కూడా అలిసిపోతారు. రాత్రుళ్లు మీరొక్కరే మేలుకుని కాపలా కాయకండి, తను సరేనంటే ఇంకో ఇద్దరిని కలుపుకుని వంతులేసుకోండి. మీకే బరువనిపిస్తే 14416 మీక్కూడా పనికొస్తుంది.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు చీటీ మీద మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చూసి ఆ తేదీ మీ ఫోన్లో కూడా అలారం పెట్టుకోండి, రెండోసారి వెళ్లడం మొదటిదానికన్నా కష్టం, కాస్త తేరుకున్నాక "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అంటారు. ఆ రోజు క్లాసుంటే మానెయ్యండి, కలిసి బస్సెక్కండి.