నెల్లూరులోనే తమిళ స్టైల్ కిడ్నాప్ థ్రిల్లర్ తీయాలంటే

కిడ్నాప్, రాజకీయ కుట్ర కలిపిన తమిళ యాక్షన్ సినిమా ఒకటి చూసొచ్చారంటే చాలు, మనవాళ్ళు షార్ట్ ఫిల్మ్ తీసేద్దాం అని మొదలుపెడతారు. తీయండి. కానీ నల్ల స్కార్పియో, మూతికి కర్చీఫు, పాడుబడ్డ గోడౌను, ఇవన్నీ తర్వాత. ముందు కాగితం మీద ఎన్నిక తేదీ, టైము రాసుకోండి. మనిషిని ఎత్తుకుపోయే సీను ఎవడైనా రాస్తాడు, ఆ మనిషి ఆ గంటకి కనబడకపోతే లాభం ఎవరికి అన్నదే అసలు కథ.

సీఎం, అసెంబ్లీ జోలికి పోవద్దు, జూనియర్ ఆర్టిస్టులకి టిఫిన్లు పెట్టలేక చస్తారు. ఎంపీపీ, అంటే మండల పరిషత్ అధ్యక్షుడి ఎన్నిక పెట్టుకోండి. మండలంలో గెలిచిన ఎంపీటీసీ సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు కాబట్టి ఎవడు ఎటో హాల్లో అందరికీ కనిపిస్తుంది, ఒక్క ఓటు తేడా చాలు. క్యాంపు రాజకీయాలు మనకి కొత్తగా చెప్పాలా? రాత్రికి రాత్రి బస్సెక్కించి, తడ దాటించి, ఆరంబాక్కం దగ్గర బోర్డులు తమిళంలోకి మారేసరికి ఫోన్లన్నీ ఒక సంచిలో వేయిస్తారు. ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి పోతే వెంటనే వీడియో వస్తుంది, "నా ఇష్టంతోనే వచ్చాను, నన్నెవరూ కిడ్నాప్ చేయలేదు" అని. ఆ వీడియోలో మనిషి కళ్ళు కెమెరా పక్కనున్నవాడి వైపు ఒక్కసారి తిరిగితే చాలు, డైలాగ్ అక్కర్లేదు.

హీరోకి మీకు తెలిసిన పని ఇవ్వండి. 2011లో వచ్చిన తమిళ 'కో' (తెలుగు డబ్బింగ్ పేరు 'రంగం') తీసిన కె.వి.ఆనంద్ సినిమాల్లోకి రాకముందు పత్రికలకి ఫొటోలు తీశాడు, అందుకే అందులో ఫొటోగ్రాఫర్‌గా చేసిన హీరో జీవా కెమెరా పట్టుకుంటే నటనలా ఉండదు. మనకి తెలిసింది రొయ్యల చెరువు. మీ ఎంపీటీసీ ఇందుకూరుపేట వైపు రైతనుకోండి. చెరువులో ఆక్సిజన్ తెల్లారేముందు బాగా పడిపోతుంది, ఆ టైములో కరెంటు పోయి జనరేటర్ ఎక్కకపోతే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి రొయ్య చచ్చి తేలిపోతుంది. బాంబు, టైమర్ ఎందుకు ఇంక? రిసార్టులో వంటమనిషి ఫోన్ అడుక్కుని "నేను బాగానే ఉండా, ఏరేటర్లు తిరగతా ఉండాయా" అని పెళ్ళాన్ని అడుగుతాడు చూడండి, అక్కడ పుడుతుంది టెన్షన్. అవతల పార్టీవాడు ఆ లైనుకే ఫ్యూజు పీకితే కుట్ర కూడా దొరికినట్టే.

బేరం ఎలా నడుస్తుందో తెలియాలంటే నిజంగా జరిగినవి చదవండి. 1987 డిసెంబర్‌లో తూర్పుగోదావరి గుర్తేడు దగ్గర ఎస్.ఆర్.శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారుల్ని నక్సలైట్లు పట్టుకుపోయి, జైల్లో ఉన్న తమవాళ్ళు బయటికొచ్చాకే వదిలారు. 2000లో వీరప్పన్ కన్నడ రాజ్‌కుమార్‌ని 108 రోజులు అడవిలో ఉంచుకుంటే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కిందా మీదా పడ్డాయి. రెండింట్లోనూ మధ్యవర్తులు, రాయబారాలు, ఎదురుచూపులే ఎక్కువ. ఫైటు ఒకటి చాలు, అదీ చెరువు గట్టు మీద, బురదలో జారిపడుతూ ఉండాలి గానీ గాల్లో ఎగరొద్దు.

ఎస్సై పాత్ర ఇంకా పాత ఐపీసీ సెక్షన్ పట్టుకుని "364ఎ పెడతా" అంటే జనం నవ్వుతారు. 2024 జులై 1 తర్వాత జరిగే కథైతే భారతీయ న్యాయ సంహిత, డబ్బు కోసం ఎత్తుకుపోతే అందులో సెక్షన్ 140(2). ఇంటివాళ్ళు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్, వేసినట్టు ఒక్క మాట పెడితే ఇంకా బరువొస్తుంది.

షూటింగ్‌కి ముందు స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి రండి. కారులోకి మనిషిని లాగే సీను హైవే మీద వద్దు, ఎవరో ఒకరు 112కి కొడతారు, లేదా దిగొచ్చి మీ విలన్‌ని నిజంగానే ఉతుకుతారు. ఊరి లోపలి డొంకదారి చూసుకోండి, బొమ్మ తుపాకీ సంచిలోనే ఉంచి టేకు టైముకే తీయండి. సౌండ్ పాడవుతోందని పక్క చెరువు రైతుని ఏరేటర్లు ఆపమని మాత్రం అడగొద్దు, డబ్బింగ్‌లో చూసుకోండి.